చక్రానికి తలంటు

మా కడియపులంకలో పొద్దు అందరికీ ఒకేసారి రాదు. ముందు బంతి మడుల మీదికి వస్తుంది, తర్వాత గులాబీల మీదికి, ఆ పైన తీరుబడి దొరికితే మనుషుల మీదికి. వేరే ఊళ్ళలో మనుషులు మొక్కల్ని పెంచుతారేమో, మా ఊళ్ళో మొక్కలే మనుషుల్ని పెంచి పెద్ద చేస్తాయి. చెబితే నమ్మరు గానీ, పుష్యమాసపు మంచులో ఒకనాడు తెల్లవారగట్ల నేను కాలవ గట్టు అనుకుని అరమైలు పొడవున్న క్రోటన్ల వరస మీదుగా నడిచి వెళ్ళిపోయాను. ఒక్క ఆకు నలగలేదు. దిగాక వెనక్కి తిరిగి చూస్తే నా అడుగు పడిన చోటల్లా ఆకులు రంగు మారి ఉన్నాయి. సాక్ష్యం కావాలంటే ఆ క్రోటన్లు ఇప్పుడు పూనాలో ఉన్నాయి, వెళ్ళి అడగవచ్చు.

ఈ ఊళ్ళో డెబ్భై ఒక్క ఏళ్ళ చిన్నమ్మాయి ఒకామె ఉంది.

పేరే చిన్నమ్మాయి. ఆమె పుట్టేనాటికి ఇంట్లో ఒక పెద్దమ్మాయి ఉంది కాబట్టి ఈమెకు ఇంకో పేరు వెతకాలని ఎవరికీ తోచలేదు. ఓటరు కార్డులో అదే, ఆధార్‌లో అదే. ఆసుపత్రిలో నర్సమ్మ “చిన్నమ్మాయి ఎవరండీ” అని కేకేస్తే ఈమె లేచి నిలబడుతుంది. ఆ నర్సమ్మ ఈమె వెనకాల పాప ఎవరైనా ఉందేమోనని తొంగి చూస్తుంది. నేను మామ్మ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. మా రెండిళ్ళ మధ్య ఒక కనకాంబరాల మడి ఉంది, అంతే.

మామ్మ తొమ్మిదో ఏట నర్సరీ పనిలో చేరింది. కుండీలకు మట్టి నింపే పని. ఎర్రమట్టి, పేడ ఎరువు, పైన గుప్పెడు ఇసుక. తర్వాత కుండీలు పోయి నల్ల సంచులు వచ్చాయి, మట్టి మాత్రం అదే. ఆమె నింపిన మట్టంతా ఒక చోట పోస్తే గోదావరికి ఇంకో లంక తయారవుతుందని నా లెక్క. పదిహేనో ఏట కత్తి పట్టింది. ఎవరూ నేర్పలేదు. అంటు కట్టే ముసలాయన వెనకాల నీళ్ళ చెంబు పట్టుకుని రెండేళ్ళు నిలబడి ఆయన చేతుల్ని చూసింది. మూడో ఏడు ఆయనకు తుమ్ము వచ్చి ఆగాడు. ఆ కాస్త సేపట్లో కత్తి ఈమె అందుకుంది. మళ్ళీ ఇవ్వలేదు.

అంటు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్కకు తల కోసేస్తారు. మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను ఏటవాలుగా చెక్కి దాని మీద ఆనించి, పాలిథిన్ పట్టీతో బిగించి కడతారు. నలభై రోజులకు ఆ రెండూ ఒకే ప్రాణం. కట్టినవాటిలో వందకి డెబ్భై బతికితే మంచి చెయ్యి అంటారు. మామ్మ కట్టినవి తొంభై ఏడు బతికేవి. మిగతా మూడూ ఆమె కట్టినవి కావని నా అనుమానం. ఒకసారి పందెం కాసి చీపురు కర్రకి గులాబీ అంటు కట్టిందనీ, ఆ చీపురుతో ఊడ్చినన్నాళ్ళూ ఆమె పనిచేసే ఉదయభాస్కర్ గారి నర్సరీ ఆఫీసు గులాబీ వాసన వేసిందనీ చెప్పుకుంటారు. చెప్పేది నేనొక్కణ్ణే అయినా, ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఆమె భర్త చిట్టియ్య తాతది మొక్కల రిక్షా. నర్సరీల నుంచి లారీల దాకా మొక్కల్ని తోలేవాడు. దూరం నుంచి చూస్తే చిన్న తోట ఒకటి తనంతట తాను రోడ్డెక్కి ఊరికి పోతున్నట్టు ఉండేది, తొక్కే మనిషి ఆకుల వెనక కనబడేవాడు కాదు. మామ్మ ఆ తోటను చూసే పెళ్ళికి ఒప్పుకుందట. లోపల ఈయన ఉన్నాడని పీటల మీద కూర్చున్నాకే తెలిసిందని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆమె కట్టిన అంట్లు లారీలెక్కి బెంగుళూరు పోయాయి, ఢిల్లీ పోయాయి. ఎక్కడెక్కడి జనమో వాటి నీడన కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. మామ్మ మాత్రం రాజమండ్రి దాటలేదు.

పద్దెనిమిదేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి కొందరు కెమెరాలు పట్టుకుని వచ్చారు. రైతులకు అంటు కట్టడం నేర్పే సినిమా తీస్తారట. మంచి చెయ్యి ఎవరిదని అడిగితే ఉదయభాస్కర్ గారు చిన్నమ్మాయిని చూపించారు. మూడు రోజులు తీశారు. మూడు రోజులూ మామ్మ పెళ్ళికి వెళ్ళినట్టు తయారై పనిలోకి వెళ్ళింది. కొన్ని నెలలకు ఒక డీవీడీ వచ్చింది. నర్సరీ ఆఫీసులో గుమస్తా దాన్ని వేసి చూసి బయటికొచ్చి, పనివాళ్ళందరి ముందూ అన్నాడు: “నీ చేతులే పడ్డాయి చిన్నమ్మాయీ. మొహం ఎక్కడా లేదు.”

నవ్వారు. కొన్నాళ్ళు ఆమెను ‘చేతుల హీరోయిన్’ అన్నారు. రండి, వేసి చూపిస్తామని ఆఫీసువాళ్ళు పిలిచినా మామ్మ పోలేదు. డీవీడీ అడిగి ఇంటికి తెచ్చేసుకుంది.

“మా ఇంట్లో, మా టీవీలోనే చూత్తాను. అందులో నా మొగం లేకపోతే, అప్పుడు నా మొగం ఎలాగుంటాదో ఊరు చూడకూడదు” అంది.

టీవీ అయితే ఉంది. ఇరవయ్యొక్క అంగుళాల పాత రకం డబ్బా టీవీ, వెనక పొట్ట ముందుకంటే పెద్దది, దూడంత బరువు. డీవీడీ ప్లేయర్ మాత్రం లేదు. ఇవాళ కొందాం రేపు కొందాం అనుకునేలోగా ప్లేయర్లే లోకంలోంచి పోయాయి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. డీవీడీ మామ్మ పూజ గూట్లో చేరింది. వెంకన్నబాబు పటానికీ సత్యనారాయణస్వామి పటానికీ మధ్య నిలబెట్టింది. దీపం వెలిగిస్తే దాని మీద ఏడు రంగులూ తిరిగేవి. అప్పటి నుంచి ఆమె దాన్ని డీవీడీ అనడం మానేసి చక్రం అంటోంది.

పోయిన ఫాల్గుణంలో, ఒక శనివారం మధ్యాహ్నం, చిట్టియ్య తాత కనకాంబరాల మడి మీదుగా కర్ర పోటేసుకుంటూ మా అరుగు మీదికి వచ్చాడు.

“ఒరే గణేషూ, మీ మామ్మకి గురువారం కంట్లో పొర తీత్తారు, రాజమండ్రిలో. అది రానంటంది.”

“భయమా?”

“దానికి భయమేంటిరా, నాకు కావాలి గానీ. ఆ చక్రం చూడకుండా రాదంట. కోసినాక కన్ను పోతే, అందులో తను ఉందో లేదో తెలీకుండానే పోద్దంట. డాక్టరుగారు చెప్పారు, ఆలీసం చేత్తే ఉన్న చూపూ మిగలదని. ఎలాగోలా ఆ సినిమా ఆడించరా.”

నేను భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడు దాకా చదివి, నాకు నేర్పేది ఆ కాలేజీ దగ్గర ఇక ఏమీ లేదని తేలాక వచ్చేసినవాణ్ణి. రొయ్యల చెరువుల గట్ల మీద కెమెరాలు బిగిస్తాను. నేను బిగించిన కెమెరా ముందుకు వచ్చి మీసాలు సవరించుకుని వెళ్ళిన రొయ్యలున్నాయి. నాకు ఇదొక పనా?

“నడు తాతా. అరగంట.”

మా అటక మీద మా బాబాయి వేరే ఊళ్ళో వాడి, తెచ్చి పడేసిన ప్లేయర్ ఉంది. పన్నెండేళ్ళుగా ముట్టుకున్నవాళ్ళు లేరు. ఆ ప్లేయర్ తన కాలంలో ఎన్ని సినిమాలు ఆడించిందంటే, డిస్కు పెట్టకపోయినా ఉత్త నిద్రలో రెండు పాటలు పాడగలదు. దుమ్ము దులిపి, వైర్లు మెళ్ళో వేసుకుని వెళ్ళాను.

మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా పట్టపగలు వెలిగిపోతోంది గానీ ఆమెకు అదంతా పాలు పోసిన నీళ్ళలా కనబడుతోందని తెలుసు. మంచు రోజుల్లో మాకు ఊరు కనబడినట్టే ఆమెకు ఇప్పుడు అన్ని రోజులూ.

“ఎవరది, గణేషా? మెళ్ళో పాములేంట్రా?”

“వైర్లు మామ్మా. నీ సినిమాకి.”

ఆమె లేచి లోపలికి వెళ్ళి టీవీ మీద కప్పిన కుట్టుపూల గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టింది.

టీవీని గోడ నుంచి జరపడానికి తాతా నేనూ కలిసి మూడుసార్లు ఊపిరి బిగపట్టాం. వెనక్కి వెళ్ళి చూస్తే యాంటెనా రంధ్రంలో డిష్ వైరు ఉంది. దాని కింద రెండు గుండ్రటి సాకెట్లు ఉన్నాయి. ఒకదాని చుట్టూ పసుపు రంగు, ఒకదాని చుట్టూ తెలుపు. ఇన్నేళ్ళలో వాటిలో ఎవరూ ఏమీ పెట్టలేదేమో, కందిరీగ వచ్చి మట్టితో ఇల్లు కట్టుకుంది. పుల్లతో గీకి శుభ్రం చేశాను.

“చూడు మామ్మా, టీవీకి రెండు బొక్కలున్నాయి, ఈ వైరుకి మూడు పిన్నులున్నాయి. పసుపుది బొమ్మ. తెల్లది మాట. ఎర్రది కూడా మాటే, రెండో చెవికి.”

“మరి టీవీకి రెండు బొక్కలే ఉన్నాయన్నావుగా?”

“పాత టీవీ. ఒక చెవితోనే వింటుంది.”

“మీ తాత లాగే” అంది మామ్మ.

“ఎర్రదాన్ని ఏం చేత్తావు మరి?” అన్నాడు తాత, వినబడనట్టే.

“అలా వేలాడనీ. దిష్టి తగలకుండా ఉంటుంది.”

పసుపు పసుపులో, తెలుపు తెలుపులో దూర్చాను. రిమోట్ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి టీవీ ముందు మూత తెరిచి, లోపలి బొత్తాంతో ఛానెల్ ఒకటికి వచ్చి, ఇంకొక్క మెట్టు కిందికి దిగాను. పాత టీవీల్లో ఒకటి కింద ఇంకో గది ఉంటుంది, బయటి నుంచి వచ్చే బొమ్మకి తలుపు అక్కడే. తెర నల్లబడింది. ప్లేయర్ బొత్తాం నొక్కాను, పచ్చదీపం వెలిగింది. తెర అలాగే నల్లగా ఉంది.

“వచ్చిందా?” అంది మామ్మ.

“వస్తోంది. దూరం నుంచి రావాలి కదా.”

నాకు ఐదు నిమిషాలు పట్టింది కనిపెట్టడానికి. అటక మీద ఎలుక పసుపు వైరును సరిగ్గా నడిమధ్యన కొరికేసింది. తెల్లదాన్నీ ఎర్రదాన్నీ వదిలేసి పసుపుదాన్నే ఎంచుకుంది. మా ఇంటి ఎలుకలకు కూడా బొమ్మకీ మాటకీ తేడా తెలుసు.

“రేపు కడియం వెళ్ళి కొత్త వైరు తెస్తాను మామ్మా.”

“ఆదివారం కొట్లుండవు. ఇలాగియ్యి.” చెయ్యి చాపింది. తెగిన చోటు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చీరెకు జరీ చూసినట్టు తడిమింది. “లోపలేముంటాది?”

“మధ్యలో సన్న తీగ ఒకటి. దాని మీద తెల్లటి తొడుగు. దాని చుట్టూ జల్లెడలాగా ఇంకో తీగ. పైన పసుపు తోలు. లోపలి తీగ లోపలిదాన్నే తాకాలి, బయటిది బయటిదాన్నే. రెండూ కలిస్తే బొమ్మ రాదు.”

“అంతే కదా. బెరడుకి బెరడు, చెక్కకి చెక్క” అంది మామ్మ. “ఏమయ్యో, నా కత్తి అందుకో.”

ఆ తర్వాత నేను చూసింది నా జన్మలో మర్చిపోను. ఆమెకు వైరు కనబడదు. కత్తి మొనను చూపుడువేలి గోటికి ఆనించి, ఆ గోరు చెప్పినట్టు తోలు ఒలిచింది. జల్లెడ తీగను వెనక్కి దువ్వింది. లోపలి తీగల్ని ఒకదాని పక్కన ఒకటి ఏటవాలుగా పడుకోబెట్టి మెలిపెట్టింది. పాలిథిన్ పట్టీని దాని మీద సగం సగం ఎక్కేలా బిగించి, ఆ పైన జల్లెడ తీగలు కలిపి, మళ్ళీ పట్టీ. చివర ముడి పళ్ళతో లాగింది. ఆ కట్టులోకి చినుకు కూడా పోదు.

“ఇప్పుడు నలభై రోజులు ఆగాలా?” అన్నాను.

“నోరు మూసుకుని పెట్టు.”

పెట్టాను. తెర నీలంగా అయింది. ఎంత నీలం అంటే, పెంకుటింటి లోపల, ఆ మధ్యాహ్నపు చీకట్లో, గోడలన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెరిశాయి. ప్లేయర్ కంపెనీ పేరు ఒకటి తెల్లగా పుట్టి, నెమ్మదిగా తేలుతూ వెళ్ళి మూలకి తగిలి, ఇంకో మూలకి బయల్దేరింది. తాత మంచం మీద మఠం వేసుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పేరు మూలకి తగిలినప్పుడల్లా తల ఊపాడు.

“బాగుందిరా. ఇదేనా సినిమా?”

“ఇది సినిమా కాదు తాతా. ఇంకా చక్రం పెట్టలేదు.”

“అయినా బాగుంది.”

మామ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని, పూజ గూట్లోంచి చక్రాన్ని రెండు చేతులా తెచ్చి ఇచ్చింది. నేను సరిగ్గా చూడకుండానే పళ్ళెంలో పెట్టి తోసేశాను. ప్లేయర్ దాన్ని లోపలికి తీసుకుని గిర్రుగిర్రుమంది, ఆగింది, మళ్ళీ తిప్పింది, ఆగింది. తెర మీద ‘నో డిస్క్’ అని అక్షరాలు పడ్డాయి.

“ఏమంటంది?”

“డిస్కు లేదంటోంది.”

“ఉంది కదరా! నా చేత్తో ఇచ్చాను. దానికీ కంట్లో పొరేనా ఏంటి?”

బయటికి తీసి గుమ్మం దగ్గర వెలుతుర్లో పెట్టి చూశాను. అప్పుడు నాకు అర్థమైంది. మెరిసే వైపు నిండా బొట్లు. అడుగున పసుపు, దాని మీద కుంకం, పక్కన గంధం, మధ్యలో సాంబ్రాణి పొగ. దసరాకి ఇక్కడ పనివాళ్ళందరూ కత్తులకీ కత్తెరలకీ పారలకీ బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. మామ్మ తన కత్తితో పాటు ఏటా ఈ చక్రానికీ పెట్టింది. ఇదీ పని తాలూకుదే కదా. మెరిసేదే దాని మొహం అనుకుంది. బొట్టు మొహానికే పెడతారు. ఏటా కొత్త బొట్టు, పాత బొట్టు పక్కన.

“మామ్మా, ప్లేయర్ లోపల సన్నటి వెలుతురు ఉంటుంది. అది ఈ మెరుపు మీద పడి చదువుతుంది. బొట్లు అడ్డమొస్తున్నాయి. తుడిచేయాలి.”

మామ్మ చక్రాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

“బొట్టు చెరిపేత్తావా? పద్దెనిమిదేళ్ళు పూజ చేసిన బొట్టు! నీకు బుద్ధుందా? మీ తాత ఎదురుగా కూచున్నాడు. చేత్తో పట్టుకుని బొట్టు తుడవమంటావా నన్ను?”

“నాకేం కాదులేవే” అన్నాడు తాత.

“నువ్వుండు. నీకేం కాదని నువ్వెవరు చెప్పడానికి?”

ఇక నేను ఊళ్ళో చెప్పే కథలన్నీ చెప్పాను. కాశీలో డిస్కులకు బొట్టు తుడిచే పూజారులే వేరే ఉంటారన్నాను. తునిలో ఒకాయన తుడవకుండా ఆడిస్తే సినిమాలో అందరికీ పసుపు పూసినట్టు కనబడిందన్నాను. మామ్మ ఒక్కటీ నమ్మలేదు. చక్రం ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. నీలం వెలుతురు ఆమె మీద కదులుతోంది. కంపెనీ పేరు తేలుతోంది. బయట మొక్కలకి నీళ్ళు కొట్టే చప్పుడు, దూరంగా ఏదో లారీ వెనక్కి తీస్తున్న కూత. గురువారం ఆసుపత్రి లేదు, చూపు లేదు, సినిమా లేదు అనుకున్నాను. తాత కూడా అదే అనుకున్నాడేమో, కర్ర చివరతో నేల మీద గీతలు గీస్తున్నాడు.

మామ్మ తనలో తాను అన్నట్టు అంది:

“దేవుడికి అభిషేకం చేసినప్పుడు బొట్టు పోద్ది కదా.”

తాత తలెత్తాడు. “పోద్ది.”

“దాన్ని చెరపడం అనరు కదా.”

“అనరు. స్నానం అంటారు.”

“మరి అలా చెప్పవేంట్రా గణేషూ, తుడవడం తుడవడం అని అపశకునం మాటలు! లే. ఇవాళ శనివారం, తలంటుకి మంచిదే. పొయ్యి మీద నీళ్ళు పెట్టు.”

కుంకుడుకాయలు నాలుగు కొట్టి, గోరువెచ్చటి నీళ్ళలో పిసికి, నురగ తీసింది. ఇత్తడి పళ్ళెంలో చక్రాన్ని పడుకోబెట్టి, పసిపిల్లకి పోసినట్టు అరచెయ్యి అడ్డం పెట్టి పోసింది. ముందు నీళ్ళు ఎర్రగా వచ్చాయి, తర్వాత పచ్చగా, తర్వాత పొగ రంగు. నేను గుండ్రంగా రుద్దబోతే చేతి మీద ఒకటి వేసింది.

“ఆకుని తొడిమ నుంచి చివరికి తుడవాలి. అడ్డంగా తుడిత్తే గీరుకుంటాది.”

డిస్కును కూడా అలాగే, మధ్య నుంచి అంచుకి తుడవాలి. నాకది కాలేజీలో రెండేళ్ళూ ఎవరూ చెప్పలేదు. తాత పాత నేత పంచె చెంగుతో తడి ఒత్తింది. పొడి అయ్యాక తిప్పి, అక్షరాలున్న వైపు చిన్న పసుపు బొట్టు, దాని మీద కుంకం పెట్టింది. “ఇటు పెడితే అడ్డం కాదు కదా?” అంది. కాదన్నాను. ఎవరి మర్యాద వాళ్ళకి దక్కింది.

ఈసారి ప్లేయర్ గిర్రుమని ఆగలేదు. నీలం పోయింది. పచ్చగా, కాస్త వణుకుతూ, మా ఊరు వచ్చింది.

“ప్రియమైన రైతు సోదరులారా” అంది ఒక మగ గొంతు, టీవీ ఒక్క చెవిలోంచి. సోదరుల కోసం తెర నిండా గాజుల చేతులు కనబడ్డాయి. మామ్మ పీట మీద, తెరకి జానెడు దూరంలో కూర్చుంది. చేతులు పుల్లని కోశాయి, చెక్కాయి, ఆనించాయి, కట్టాయి. మళ్ళీ ఇంకోటి. ఆకుల మీద ఎండ పడి చెదురుతోంది, చేతులు ఆ ఎండలోంచే పట్టీని లాగుతున్నట్టున్నాయి. ఆ చేతుల్ని చూస్తుంటే నాకు ఊగుడు పడవలో కూర్చున్నట్టు కునుకు వచ్చింది. మామ్మ ఒళ్ళో ఉన్న చేతులు కూడా, ఆమెకు తెలియకుండా, అదే పని చేస్తున్నాయి. తెర మీది చేతులు ముడి వేసినప్పుడు ఇవీ వేస్తున్నాయి.

“ఎంత బిర్రుగా కడతన్నాను చూడు” అంది. “అప్పుడు వేళ్ళకి నెప్పుల్లేవు.”

పది నిమిషాలు గడిచాయి. పదిహేను. చేతులే. మధ్యలో రెండుసార్లు బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి మళ్ళీ అతుక్కుంది. తాత తెర వైపు చూడటం మాని మామ్మ వైపు చూడసాగాడు. చివరి అంటు కట్టాయి చేతులు, మొక్కని వరసలో పెట్టాయి. గొంతు సోదరులకు శుభం చెప్పింది. పేర్లు రావడం మొదలైంది.

“అయిపోయిందా?”

“పేర్లు వస్తున్నాయి మామ్మా.”

“అయితే అయిపోయినట్టే.” చీర కుచ్చిళ్ళు సర్దుకుంది గానీ లేవలేదు.

పేర్లు ఎడంవైపు పైకి పోతున్నాయి. కుడివైపు చిన్న కిటికీలో బొమ్మ ఇంకా నడుస్తోంది. పనైపోయిందని కెమెరా దించిన మనిషి దాన్ని ఆపడం మర్చిపోయాడేమో, ఆకులు వంకరగా పోయాయి, కాస్త ఆకాశం, ఎవరిదో చెప్పు. ఆ పైన కిటికీ పెద్దదై తెరంతా అయింది. చిన్నమ్మాయి మొహం వచ్చింది. యాభై మూడేళ్ళ మొహం, పక్కకి తిరిగి, నుదుటి మీద చెమట, ఎవరినో ఏదో అనడానికి నోరు తెరిచి, అనేలోపే నవ్వు వచ్చేసి.

బొమ్మ అక్కడ ఆగిపోయింది.

ఏదో బొట్టు పూర్తిగా పోలేదు. గడ్డం దగ్గర నాలుగు గళ్ళు, చెంప మీద ఒకటి. లోపల ప్లేయర్ ముందుకు పోలేక గునుస్తోంది. నేను బొత్తాం మీదికి చెయ్యి చాపాను.

“ముట్టుకోకు” అంది మామ్మ.

లేచి ముక్కు తెర అద్దానికి తగిలేదాకా వెళ్ళింది. ఒక కన్ను మూసి చూసింది. ఇంకోటి మూసి చూసింది.

“ఒరే, ఈ గళ్ళు నా కంట్లోవా, టీవీలోవా?”

“టీవీలోవే మామ్మా.”

“నిజం చెప్పు. నీ కథలొద్దు.”

“నిజమే. మొహం అంతా ఉంది. గళ్ళు టీవీవి.”

“దాని మొగమే, నాకు తెలీదా” అన్నాడు తాత వెనక నుంచి. “నోరు తెరిచే ఉంది కదా. ఇంకా అనుమానమేంటి?”

“ఎవర్ని అంటన్నానంటావ్?”

“ఇంకెవర్ని. మొక్కలకని రిక్షా తెచ్చి అడ్డంగా పెట్టాను, ఆ రోజు. పెట్టగానే మొదలెట్టావు.”

మామ్మ నవ్వలేదు. తెర మీది మామ్మే నవ్వుతోంది. ఈమె ఆ పెదవుల మీద, ముక్కుపుడక మీద, గళ్ళు పడని చెంప మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమింది. అద్దం మీది కరెంటు ఆమె వేలికి చిటపటమంది.

“గుమస్తాకి పేర్లు చదివే ఓపిక లేదు పాపం” అంది. “పేర్లు మొదలవగానే లేచిపోయుంటాడు.”

పీట దగ్గరికి వచ్చి కూర్చుంది. కూర గురించి అడిగినట్టు అడిగింది:

“గురువారం బస్సు ఎన్నింటికి?”

“ఆరున్నరకి” అన్నాడు తాత. “ఆరున్నరది పోతే ఏడింటికి ఇంకోటుంది.”

“ఆరున్నరదానికే పోదాం. ఎండెక్కకుండా.” మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. “సరే, ఆపెయ్యరా గణేషూ. చూశాను. పొయ్యి మీద ఎసరు పెట్టాలి.”

నేను మళ్ళీ చెయ్యి చాపాను. తాత కర్ర అడ్డం పెట్టాడు.

“ఉండనియ్యరా” అన్నాడు. “నేను చూడొద్దా?”